మట్టి మారిన మల్లుడు

తన బస్తీలో ఎదురులేని పహిల్వానుగా పేరుపొంది, జాతరలలో వెండికడియములు గెలిచి తెచ్చి వస్తాదు పాదములకడ పెట్టిన యువకుడు, మట్టిగోదా విడిచి మ్యాట్ మీదికో, క్రీడాపోటీలు విడిచి వినోదవ్యాపారపు సంస్థలోనికో మారిన రెండు మూడేండ్లలో పేరు మాసిపోయి, మరల తాలీంఖానా గడపమీదనే వచ్చి కూర్చుండుట హైదరాబాదు పాతనగరమున క్రొత్త కథ కాదు. అట్టివానిని చూచి తిండి తగ్గినదని కొందరందురు; గర్వము తలకెక్కినదని కొందరందురు; దిష్టి తగిలినదని నిట్టూర్చువారును కలరు. నేను చెప్పదలచినది వేరు. మల్లుని బలములో సగమే వాని కండలలో నుండును. తక్కిన సగము వాడు కాలూని నిలిచిన నేలలోను, ఒడ్డున నిలిచి చూచు గురువులోను, ఆ కుస్తీకి విధింపబడిన కాలపరిమితిలోను ఇమిడియుండును. కండలు మనిషివెంట తామే నడచివచ్చును గాని ఆ రెండవ సగము తనంతట రాదు. దానిని తెలిసి మోసికొనిపోవలెను. మోసికొనిపోవు నేర్పు చెప్పువాడు లేనప్పుడు ఎంతటి జెట్టియైనను క్రొత్త గోదాలో సగము మనిషిగనే అడుగిడును.

తాలీంఖానా యన నేమో యెరుగనివానికి ఈ మాట రుచింపదు. చార్మినారునకు దక్షిణముగా శాలిబండ, అలియాబాదు, చాంద్రాయణగుట్ట మీదుగా బార్కసు వరకును, మూసీకి ఆవల పురానాపూలు దాటిన ధూల్‌పేట వరకును అల్లుకొన్న గల్లీలలో ఈ గోదాలు నేటికిని కొన్ని నిలిచియున్నవి. పైన రేకుల కప్పు, దాని క్రింద మెత్తని మట్టి నింపిన చదరపు గుంట, గోడకు ఆనించిన గదలు, ముద్గరములు, రాతి గుండ్లు, పైన వెనుకటి వస్తాదుల చిత్రపటములు. ఇంతే దాని సంపద. హిందువు నడపు తాలీమున ఆంజనేయుని పటముండును. ముస్లిము నడపు తాలీమున హజ్రత్ అలీ నామము స్మరింతురు. గురువును వస్తాదని కొందరు, ఖలీఫా యని కొందరు పిలుతురు. కాని గోదాలోనికి దిగు ప్రతివాడును ముందుగా వంగి మట్టిని తాకి కన్నులకద్దుకొనును. ఇరుమతముల శిష్యులు ఒకే మట్టిలో జోడుకట్టి సాధన చేయుట దక్కనులో పూర్వమునుండి వచ్చుచున్న మర్యాద. మట్టి పూసికొని తలపడిన ఇరువురిలో ఎవడే మతస్థుడో చూచువానికి తెలియదు, తెలియవలసిన అవసరమును లేదు.

ఆ మట్టి ఊరకే త్రవ్వి పోసినది కాదు. ఎర్రమట్టిని జల్లించి, రాళ్ళేరి, నూనె, మజ్జిగ, పసుపు, నిమ్మరసము కలిపి, పదునుకు తెత్తురు. పొడిగా నున్నచో కన్నులలోను ముక్కులోను దుమ్ము కొట్టును. తడి యెక్కువైనచో కాలు జారును. గట్టిపడినచో పడినవాని వీపు పగులును. కావున దినదినమును పారతో త్రవ్వి, తిరుగవేసి, చదును చేయవలెను. ఈ పని క్రొత్తగా చేరిన పిల్లవానికి ఒప్పగింపబడును. అది సేవ యని వాడనుకొనును. నిజమునకు అదియే వాని మొదటి పాఠము. పార పట్టి గుంటయంతయు త్రవ్విన చేతికి పట్టు కుదురును, వంగి లేచిన నడుమునకు జిగి యేర్పడును, మెత్తని నేలలో దిగబడు పాదము బరువును ఎచ్చట నిలుపవలెనో తనంతట నేర్చుకొనును. పిమ్మట దండీలు, బస్కీలు. వందలతో మొదలిడి, దేహము సహించుకొలది పెంచుదురు. గద త్రిప్పుట భుజములకు, ముద్గరములు త్రిప్పుట మణికట్లకు. ఇవి యన్నియు ముగిసినతరువాత జోడు చూచి గోదాలోనికి దింపుట. దీనిని జోర్ అందురు. జోర్‌లో గెలుపోటములు లెక్కింపరు. పెద్ద పహిల్వాను చిన్నవానికి మెడ యిచ్చి, నడుమిచ్చి, ఎత్తుమని తానే చెప్పి, ఎత్తలేనప్పుడు ఎందుకు ఎత్తలేకపోయెనో చూపును. నూరిన బాదము కలిపిన పాలు, నెయ్యి, మాంసము, బార్కసు ప్రాంతమున తెల్లవారుజామున వేడివేడిగా దొరకు హరీస్. తిండియు సాధనలో భాగమే. తిన్నదానిని జీర్ణింపజేసికొనునంత శ్రమ చేయనివానికి అదే తిండి శత్రువగునని వస్తాదులు హెచ్చరింతురు.

ఈ విద్య దక్కనునకు ఎరువుసొమ్ము కాదు. కల్యాణి చాళుక్య చక్రవర్తియైన మూడవ సోమేశ్వరుడు 12వ శతాబ్దిలో కూర్చిన మానసోల్లాసమున మల్లుల వినోదమునకు ప్రత్యేక ప్రకరణమున్నది. మల్లులను వయోబలములనుబట్టి తరగతులుగా విభజించి, వారి ఆహారమును అభ్యాసమును రాజు స్వయముగా విచారింపవలెనని అందు కలదు. ఆ కల్యాణియే నేటి బసవకల్యాణము. 1956 వరకు అది హైదరాబాదు రాజ్యములోని ఊరు. 1520 ప్రాంతమున విజయనగరమునకు వచ్చిన పోర్చుగీసు యాత్రికుడు దొమింగో పాయిస్, కృష్ణదేవరాయలు ప్రతిదినమును తెల్లవారకమునుపే నువ్వులనూనె త్రాగి, ఒంటికి నూనె పట్టించి, బరువులెత్తి, కత్తి త్రిప్పి, తన మల్లులలో నొకనితో కుస్తీ పట్టుట వర్ణించియున్నాడు. పిమ్మట నిజాముల కొలువునకై హద్రమౌతునుండి వచ్చిన అరబ్బు సైనికులు తమ పటాలపు నివాసమైన బార్కసున స్థిరపడి ఈ విద్యను తమదిగా చేసికొనిరి. జాగీర్దారుల దేవుడీలలో పహిల్వానులకు జీతమును, పాలును, మాంసమును ముట్టుచుండెను.

ఇక విద్యలోనికి పోవుదము. మట్టి కుస్తీలో గెలుపు ఒక్కటే: ఎదిరి వీపు నేలకంటవలెను. అంకెలు లేవు, మార్కులు లేవు. చిత్ అయినవాడు ఓడెను, కానివాడు ఓడలేదు. ఈ ఒక్క నియమమునుండియే కుస్తీపట్లు, అనగా దావ్‌లన్నియు పుట్టినవి. ధోబీపాట్‌లో ఎదిరి చేతిని పట్టి, ఒక్క మలుపున వానికి వీపు త్రిప్పి, ఆ చేతిని తన భుజముమీదుగా లాగి, మోకాళ్ళు వంచి, చాకలి బండకు బట్ట వేసినట్లు వానిని ముందునకు వేయుదురు. ఢాక్‌లో ఎదిరి మెడనో చేతినో చంకలో బిగించి, తన తుంటిని వాని తుంటి క్రిందికి చొప్పించి, దానినే ఇరుసుగా చేసి త్రిప్పివేయుదురు. కాలాజంగ్ అన్నది సాహసులకు మాత్రమే: ఎదిరి చేతిని క్రిందికి గుంజి, తల వాని చంకలో దూర్చి, రెండవ చేయి తొడలనడుమ పోనిచ్చి, బరువునంతటిని భుజములకెత్తుకొని ప్రక్కకు దొర్లింపవలెను, కుదిరినచో ఒక్క నిమిషమున కుస్తీ ముగియును, కుదరనిచో ఎత్తబోయినవాడే క్రిందపడి నలుగును. నికాల్ చూపులకు చిన్నది. ఎదిరి చేతిక్రిందినుండి జారి వాని వెనుకకు చేరుట మాత్రమే. కాని జనము గొప్ప దావ్‌లను చూచి కేకలు వేయుచుండగా, ఒడ్డున నిలిచిన వస్తాదు నికాల్ చూచి తలయూపును. ఏలయన వెనుకకు చేరుట తెలిసినవానికే తక్కినవి యన్నియు లొంగును.

దావ్ వేయుట యెంత విద్యయో దానిని త్రెంచుట అంతకంటె గొప్ప విద్య. ఢాక్ పడబోవుచున్నదని తుంటి తాకిన క్షణముననే కనిపెట్టి నడుము క్రుంగదీయుట, ధోబీపాట్‌కు చేయి చిక్కినప్పుడు మోచేతిని లోనికి మడచుట, కాలాజంగ్‌కు తల దూర్చినవాని మెడపై బరువు వేసి నేలకంటించుట. ఇవి కన్నుతో చూచి చేయునవి కావు. ముంజేయి ముంజేతిని తాకిన తాకిడినుండి ఎదిరి తలపు గ్రహించుట యేండ్ల జోర్‌వలన గాని రాదు. కుస్తీ మొదట చాలసేపు ఇరువురును తలలానించి, మెడలు పట్టి, ఊరకే త్రోసికొనుచున్నట్లు కనబడుటకు కారణమిదియే. తెలియనివాడు విసుగుచెందును, తెలిసినవానికి అప్పటికే సగము కుస్తీ జరిగిపోయియుండును.

ఇక్కడ ఒక సూక్ష్మమును పాఠకులు గట్టిగా పట్టుకొనవలెను. నా వాదమంతయు దీనిపై నిలిచియున్నది. మట్టిగోదాలో అపాయమున పడిన మల్లుడు బోర్లపడి, మోచేతులు డొక్కలకు బిగించి, నడుము నేలకద్ది, కదలక ఉండును. పైవాడు వానిని వెల్లకిల త్రిప్పజూచును. క్రిందివాడు బరువును నేలలోనికి దింపుచు, ఊపిరి నిలుపుకొనుచు, పైవాని చేతులు అలసువరకు వేచియుండును. పదినిమిషములు గడచినను ఇది ఓటమి కాదు, అవమానమును కాదు, ఇదొక దుర్గము. దానినుండి హఠాత్తుగా లేచి ఎదిరిని చిత్ చేసిన మహామల్లులు కలరు. ఓర్పే ఆయుధమైన ఈ విద్యలో కాలము మల్లుని పక్షమున నుండును.

మ్యాట్‌మీద అదే కాలము వానికి శత్రువగును. అంతర్జాతీయ ఫ్రీస్టైల్ నియమముల ప్రకారము కుస్తీకి 3 నిమిషముల చొప్పున 2 విడతలు, నడుమ 30 సెకనుల విరామము. ఎదిరిని క్రిందికి దింపి వెనుకకు చేరినవానికి 2 పాయింట్లు. బోర్లనున్నవాని నడుము చుట్టి ఒక్కమారు వీపు మ్యాట్‌వైపు దొర్లించినచో ఇంకొక 2. వలయము వెలుపలికి నెట్టినచో 1. నిలువుననుండి ఎత్తి వీపు చూపునట్లు వేసినచో 4. తేడా 10కి చేరినంతనే కుస్తీ సమాప్తము. ఇప్పుడు మన మట్టిమల్లుని తలచుకొనుడు. అపాయము తోచినంతనే వాని దేహము, ఏండ్ల అలవాటుచొప్పున, తనకు తెలిసిన దుర్గములోనికి పోవును, అనగా బోర్లపడును. మట్టిలో వానిని రక్షించిన ఆ పనియే ఇచ్చట మొదటి 2 పాయింట్లు ఎదిరికి కట్టబెట్టును. దుర్గములో కదలక ఉండుమని దేహము చెప్పును. ఆ కదలకుండుటలో ఎదిరి వాని నడుము చుట్టి నాలుగు మారులు వరుసగా దొర్లించును. ఒక నిమిషము గడువకముందే పది పాయింట్లు నిండును. వాడు అలసిపోలేదు, నొప్పి తగులలేదు, వీపు అంటించి అదిమిపట్టిన వాడును లేడు. అయినను వాని చేయి దింపి ఎదిరి చేయి పైకెత్తిరి. తాను ఏల ఓడెనో వానికి తెలియదు. ఆ తెలియకపోవుటయే వాని పతనమునకు నాంది. రెండవసారి వాడు అనుమానముతో దిగును. అనుమానించు దేహము దావ్ వేయజాలదు.

దీనికితోడు నేల. మెత్తని మట్టిలో పాదము దిగబడును గనుక ఎదిరి కాళ్ళపైకి దూరమునుండి దూకుట అరుదు. మెడలు పట్టియే పని జరుగును. మ్యాట్‌మీద బూట్లు తొడిగిన పాదము గట్టిగా పట్టి నిలుచును గనుక కన్నుమూసి తెరచునంతలో మోకాలు నేలకద్ది ఎదిరి కాలు లాగుదురు. మట్టిలో జారు చెమటపై పిడికెడు మన్ను చల్లి పట్టు దొరకబుచ్చుకొందురు. ఇచ్చట ఆ సౌకర్యము లేదు. ఇన్ని మార్పులు ఒక్క సారిగా మీదపడినప్పుడు తడబడుట వింత కాదు, తడబడకపోవుటయే వింత.

ఆ వింతను సాధించినవాడు ఖాశాబా దాదాసాహెబ్ జాధవ్. సాతారా జిల్లా గోళేశ్వరమున పుట్టి, మట్టిలో పెరిగి, కొల్హాపూరు గోదాలలో ఢాక్‌కు పేరుపొందిన ఈయన 1948 లండన్ ఒలింపిక్ క్రీడలకు పోయినప్పుడు మ్యాట్‌తో సరియైన పరిచయము లేనివాడు. అచ్చట అమెరికా దేశపు మల్లుడు రీస్ గార్డ్‌నర్ శిక్షణలో నియమములు నేర్చుకొని ఫ్లైవెయిట్ తరగతిలో 6వ స్థానమున నిలిచెను. పిమ్మట నాలుగేండ్లు మ్యాట్‌కు తగినట్లు తన విద్యను మలచుకొనెను. తాను నేర్చిన దావ్‌లను పారవేయలేదు, వాని వేగమును మాత్రము మార్చెను. 1952లో హెల్సింకీ పోవుటకు ధనము చాలక చందాలు పోగుచేయవలసివచ్చెను. ఆయన చదివిన కొల్హాపూరు రాజారామ్ కళాశాల ప్రిన్సిపాలు ఖర్డేకర్ తన యిల్లు తాకట్టుపెట్టి 7,000 రూపాయలు సమకూర్చెను. అక్కడ బాంటమ్‌వెయిట్ తరగతిలో కంచుపతకము. స్వతంత్రభారతమున ఒక వ్యక్తి గెలిచిన తొలి ఒలింపిక్ పతకమది. అయినను ఆ కథలో నా హృదయమును కలచు ఘట్టము పతకము కాదు. జపాను మల్లుడు ఇషీయితో సుదీర్ఘముగా పోరాడి అలసియున్న జాధవును, రెండు కుస్తీలనడుమ 30 నిమిషముల విశ్రాంతి ఉండవలెనను నియమమును ప్రక్కకునెట్టి, వెంటనే సోవియట్ మల్లుడు మమెద్‌బెకోవ్‌తో తలపడుమనిరి. ఆ నియమమును చూపి వాదించుటకు మనవాడొక్కడును ఆ సమయమున ఆయన ప్రక్కన లేడు. ఆయన దిగెను, ఓడెను. ఒడ్డున వస్తాదు లేని గోదా ఎట్టిదో తెలియుటకు ఇంతకు మించిన నిదర్శనము అక్కరలేదు.

నేల మారిన ఫలితము మనవారికే పరిమితము కాదు. 1910 సెప్టెంబరు 10వ తేదీన లండనులో మన గామా పహిల్వాను పోలండు మల్లుడు స్తానిస్లావ్ జ్బిస్కోతో తలపడెను. మొదటి నిమిషములోనే క్రిందపడిన జ్బిస్కో, పిమ్మట 2 గంటల 35 నిమిషములలో చాల భాగము మ్యాట్‌కు అతుక్కొని బోర్లనే యుండెను, గామా త్రిప్పలేకపోయెను, కుస్తీ తేలలేదు. వారము దినముల తరువాత మరల జరుగవలసిన పోటీకి జ్బిస్కో రానేలేదు. 1928 జనవరిలో, పటియాలా మహారాజు ఏర్పాటుచేసిన గోదాలో, అదే యిరువురు మరల నెదురుపడిరి. ఈసారి గామా ఒక్క నిమిషము నిండకమునుపే జ్బిస్కోను చిత్ చేసెను. నడుమ గడచిన 17 ఏండ్లు ఇరువురికిని గడచినవే. ఇరువురును యాబదికి చేరువైనవారే. మారినది నేల; మారినది, ఎదిరి దుర్గములోనికి పోకముందే పట్టవలెనని గామాకు లండను నేర్పిన పాఠము.

ఈ జ్బిస్కో కథలోనే వేరొక ఘట్టమున్నది. 1920ల నాటికి అమెరికాలో వృత్తికుస్తీ వ్యాపారుల చేతులలోనికి పోయి, ఎవడు గెలువవలెనో ముందే నిర్ణయించుట మొదలైనది. మనవారు దీనిని నూరా కుస్తీ అందురు. నెబ్రాస్కా విశ్వవిద్యాలయమున ఫుట్‌బాల్ ఆడిన వేయిన్ మన్ అను భారీకాయుని, కుస్తీ విద్య అంతగా లేకున్నను, జనాకర్షణ కలదని ఒక వ్యాపారి బృందము 1925 జనవరిలో ప్రపంచ విజేతను చేసెను. ఏప్రిల్ 15న ఫిలడెల్ఫియాలో జ్బిస్కో ఓడవలసిన ఒప్పందముతో వానికెదురుగా దిగి, లోలోపల ప్రత్యర్థి వ్యాపారులతో చేతులు కలిపినవాడై, ఒప్పందమును మీరి నిజముగనే కుస్తీ పట్టెను. మన్‌కు దావ్‌లు లేవు, తెంపు లేదు. మరల మరల క్రిందపడెను. వాని కీర్తి ఆ రాత్రితో ముగిసెను. జ్బిస్కో నడవడిని నేను మెచ్చను. కాని సంస్థ యిచ్చిన కిరీటము సంస్థతోనే పోవుననియు, గోదాలో తాను సంపాదించిన పట్టు మాత్రమే తన వెంట వచ్చుననియు ఆ రాత్రి ప్రపంచము చూచినది.

మన తెలుగుగడ్డపై కోడి రామ్మూర్తి నాయుడుగారు ఈ చిక్కును వేరొక విధముగా దాటిరి. వీరఘట్టమున పుట్టి, విజయనగరమున వ్యాయామవిద్యలో ఆరితేరి, ఛాతీపై ఏనుగును నిలిపి, ఇనుపగొలుసులు త్రెంచి కలియుగభీముడని ప్రసిద్ధికెక్కిన ఆయన ప్రదర్శనరంగమున ప్రవేశించినప్పుడు ఒకరి కొలువులో చేరలేదు; సర్కసు తానే నెలకొల్పెను. ఏ విద్య ఏ క్రమమున చూపవలెనో నిర్ణయించు అధికారము ఆయన చేతిలోనే యుండెను. అట్టి భాగ్యము నేటివారిలో ఎందరికి కలదు?

2023 సెప్టెంబరు 8వ తేదీన, పాతనగరమునకు పడమరగా గచ్చిబౌలి ఇండోర్ స్టేడియమున అమెరికా వినోదకుస్తీ సంస్థ డబ్ల్యూ.డబ్ల్యూ.ఇ. ప్రదర్శన జరిగినది. జాన్ సీనాను చూచుటకు జనము కిక్కిరిసిరి. ఆనాడు ఇండస్ షేర్ అను జోడి కెవిన్ ఓవెన్స్, సామీ జెయిన్‌ల చేతిలో ఓడెను. ఆ జోడిలో ఒకడు సౌరవ్ గుర్జర్. టెలివిజన్ మహాభారతమున భీముడుగా ఇంటింటికి తెలిసినవాడు. రెండవవాడు రింకూ సింగ్. ఉత్తరప్రదేశమున ఈటె విసరు క్రీడాకారుడై, 2008లో ఒక టెలివిజన్ పోటీ గెలిచి అమెరికాలో బేస్‌బాల్ జట్టునకు ఎంపికయి, పిమ్మట కుస్తీకి వచ్చినవాడు. దేహములు చూచినచో ఇరువురును మహాబలులు. వారి చరిత్ర మాత్రము తడబాటుల పరంపర. మొదట జోడిగా కట్టిరి. పిమ్మట విడదీసి ఒకనిని పెద్ద ప్రదర్శనకు తరలించిరి. రింకూకు వీర్ మహాన్ అను రంగనామము పెట్టి, వీర్ మహాన్ వచ్చుచున్నాడు, వచ్చుచున్నాడని 2021 శరత్కాలమునుండి 2022 ఏప్రిల్ వరకు ప్రకటనలే వేసిరి. వచ్చినపిమ్మట కొంతకాలమునకే మరల వెనుకకు పంపి, జోడిగా కట్టిరి. 2024 ఏప్రిల్‌లో ఇరువురిని సంస్థనుండి తొలగించిరి.

వారి శ్రమను తక్కువచేయుట నా ఉద్దేశము కాదు. అట్టి ప్రదర్శనయు ఒక కళయే; ఎదిరి దేహమును గాయపడనీయక గాలిలో త్రిప్పి వేయుటకు సామాన్యమైన నేర్పు చాలదు. కాని అందు మల్లుని గెలుపు రచయిత కలములో నున్నది. ఆ రచయిత ఏ దేశపు విపణిని దృష్టిలో నుంచుకొని వ్రాయుచున్నాడో దానినిబట్టి వీని పాత్ర పెరుగును, తరుగును. భారతీయుడు భారతీయ ప్రేక్షకులకొరకు మాత్రమే కావలసివచ్చినప్పుడు, వారికి ప్రదర్శన లేని నెలలలో వానితో పనియుండదు. ఒక శాఖనుండి మరొక శాఖకు మార్చిన ప్రతిసారియు జనము వానిని క్రొత్తగా తెలిసికొనవలెను; తెలిసికొనునంతలో మరల మార్చుదురు. తాలీంఖానాలో ఒక శిష్యుని దావ్‌ను పండించుటకు వస్తాదు ఏండ్లు వేచియుండును. అంత ఓర్పు వారపు లెక్కలు చూచు వ్యాపారమునకు లేదు.

మరల పాతనగరమునకు వత్తము. 1948 సెప్టెంబరున నిజాము రాజ్యము భారతదేశమున కలిసెను. మరుసటి యేడు జాగీర్లు రద్దయ్యెను. రైతులకు విముక్తి కలిగించిన ఆ సంస్కరణ అత్యవసరమైనదే. కాని జాగీర్దారు దేవుడీలో పాలు త్రాగి మట్టిలో దిగుచుండిన పహిల్వానునకు ఆ పాలు ఎవరు పోయవలెనో ఎవరును ఆలోచింపలేదు. గామాకును ఇదే గతి పట్టినది: పటియాలా సంస్థానపు ఆదరమున వెలిగిన ఆ మహామల్లుడు దేశవిభజన తరువాత పాకిస్తానునకు చేరి, ఆదరించు ప్రభువు లేక ఇబ్బందులలో 1960లో లాహోరున కన్నుమూసెను. పోషకుడు మారుట మల్లునకు నేల మారుటకంటె కఠినమైన పరీక్ష. పాతనగరమున దానికి దొరకిన సమాధానము, చెప్పుటకు బాధయగుచున్నది, చాలమందికి భూముల తగవులైనది. నగరము పెరిగి నేల బంగారమైనకొలది, బలిష్ఠుడు ప్రక్కన నిలిచినచో తగవు తీరునని కనుగొన్నవారు పహిల్వానులకొరకు తాలీంఖానా గడపకు వచ్చిరి. బలము సద్వినియోగమునకు మాత్రమేయని శిష్యుని చేత ప్రమాణము చేయించిన విద్యకు ఇంతటి అపకీర్తి తగదు. మట్టిలో దిగువాడు మొదట నేర్చుకొనునది, క్రిందపడినవానికి చేయి యందించి లేపుట. ఆ మర్యాద ఈనాటికిని గోదాలలో తప్పలేదు.

తెలంగాణపు పల్లెలలో హోలీ, ఉగాది, జాతర సమయములలో జరుగు కుస్తీలు చూచినవారికి ఈ విద్య జీవశక్తి విశదమగును. మొదట చిన్నపిల్లలకు కొబ్బరికాయ కుస్తీలు, పిమ్మట రూపాయలకు, చీకటిపడువేళకు పెద్దవారు వెండికడియమునకు. కొబ్బరికాయ గెలిచిన పదేండ్ల పిల్లవాని ముఖములోని వెలుగును నేను ఏ స్టేడియములోను చూచి యెరుగను. ఆ పిల్లలలో కొందరు నగరమునకు వచ్చి తాలీంఖానాలలో చేరుదురు. వారిలో సమర్థులను క్రీడాశాఖవారు ఏరి మ్యాట్‌కు పంపుదురు. తప్పు ఇక్కడనే జరుగుచున్నది: శిష్యుని ఏరుదురు, వస్తాదును విడిచిపెట్టుదురు. మ్యాట్‌మీది శిక్షకునకు మట్టి తెలియదు. వచ్చినవాని అలవాటులన్నియు దోషములుగనే కనబడును. అవి విడిపించుటలో వాని దావ్‌లను సైతము విడిపించును. మిగిలినది ఆటకు క్రొత్తవాడైన ఒక బలిష్ఠుడు.

ఢిల్లీవారు దీనిని వేరుగా నడిపిరి. గురు హనుమాన్ అఖాడాలో మట్టిలో పండిన సత్పాల్, 1982 ఢిల్లీ ఆసియా క్రీడలలో 100 కిలోల తరగతిలో స్వర్ణము గెలిచి, పిమ్మట తానే గురువై ఛత్రసాల్ స్టేడియమున పిల్లలకు మ్యాట్ విద్య నేర్పెను. రెండు గోదాలును ఎరిగిన గురువు చేతిలో పెరిగినవారికి దావ్ పోలేదు, వేగము వచ్చినది. యోగేశ్వర్ దత్ 2012 లండను క్రీడలలో ఉత్తరకొరియా మల్లుని కాళ్ళు మెలివేసి, వానిని వరుసగా దొర్లించి కంచుపతకము గెలిచిన ఆ ఫీతేలే పట్టు, మ్యాట్ నియమమునకు ఎంత సరిపడునో క్రిందివానిని త్రిప్పుటలో మట్టిమల్లుల శతాబ్దాల పరిశ్రమకు అంత దగ్గరి చుట్టము.

కావున పాతనగరపు తాలీంఖానాలలో మట్టిగుంటను పూడ్చి మ్యాట్ వేయుమనువారితో నేనేకీభవింపను. మ్యాట్ ఊసెత్తవలదనువారితోను ఏకీభవింపను. గుంట ప్రక్కన మ్యాట్ ఉండవలెను. పదునాలుగు పదునైదేండ్ల ప్రాయముననే, దేహము అలవాటులను గట్టిపరచుకొనకముందే, పిల్లవాడు వారమునకు రెండు మూడు దినములు దానిపై నిలువవలెను. ఆడపిల్లలకు ఈ గడప ఇంతకాలము మూసియుంచుట మన పొరపాటు. 2016 ఒలింపిక్ క్రీడలలో సాక్షి మలిక్ కంచుపతకము తెచ్చినపిమ్మట సైతము దానిని తెరువకుండుటకు కారణము కనబడదు. అన్నిటికంటె ముందు వస్తాదునకు పాయింట్ల లెక్క, విరామముల లెక్క, అభ్యంతరము తెలుపు విధానము తెలుగులోను ఉర్దూలోను నేర్పి, శిష్యుడు పోటీకి పోవునప్పుడు ఆయననుకూడ మ్యాట్ ఒడ్డున కుర్చీ వేసి కూర్చుండబెట్టవలెను. దానికి కావలసినది ఒక గుర్తింపుపత్రమును, ఒక రైలు టిక్కెట్టును మాత్రమే.